మూడువందల పదిహేడు

పేరింకా పెట్టలేదు. నంబరే. మూడువందల పదిహేడు.
ష్రాప్‌షైర్ ఎర్రమట్టిలో తొమ్మిదో వరుస చివర
నడుమెత్తు గులాబీ పొద.
హెస్టర్ ప్యూ చేతిలో గళ్ళ పుస్తకం,
చెవి వెనక పెన్సిలు,
మోకాళ్ళకి కట్టుకున్న రబ్బరు మెత్తలు.
నేను ట్రాక్టరువాణ్ణి.
పువ్వుల సంగతి నన్నెవరూ అడగరు.

జూన్ పదకొండున అడిగింది.
"గ్లిన్, ఇటు రా. వాసన చూసి చెప్పు."
నువ్వే చూడొచ్చుగా అన్నాను.
ఏ మొక్క అంగడికెళ్ళాలో, ఏది మంటకెళ్ళాలో
ముప్పై ఏళ్ళు తేల్చిన ముక్కు ఆమెది.
"చలికాలం జ్వరంలో పోయింది," అంది
బస్సులో గొడుగు మర్చిపోయినంత మామూలుగా.
"ఆఫీసులో అనకు."

ముక్కు మీది కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.
"బాగుంది" అంటే ఒప్పుకోదు.
"బాగుందనేది వాసన కాదు. దేనిలా ఉంది?"
మళ్ళీ వంగాను.
సంతలో గొర్రెలమ్మి వచ్చిన మా నాన్న కోటు జేబు.
అడుగున అంటుకుపోయిన సోంపు బిళ్ళలు,
కాస్త ఉన్ని, కాస్త వాన.
నవ్వలేదు. అన్నదన్నట్టు రాసుకుంది.

మిగతా గళ్ళు ఆమెవే.
గులాబీని గులాబీరంగంటే ఏం చెప్పినట్టు?
నడిమధ్య పిల్లినాలుక,
అంచుకొచ్చేసరికి
ఉతికి ఉతికి వెలిసిన కోటు లోపలి గుడ్డ.
రేకులు: ఒక పువ్వు విప్పి
నా ఇంజను మూత మీద పరిచి లెక్కపెట్టింది.
నూటపద్నాలుగు. గాలి ఎత్తుకుపోయింది ఒకటి.
నూటపదిహేను.
ముళ్ళు తక్కువే, కాని వెనక్కి వంపు తిరిగినవి;
చెయ్యి పెట్టేటప్పుడు ఊరుకుని
తీసుకునేటప్పుడు గీరతాయి.

మెడ దగ్గర పెన్సిలాగింది.
ఇంత నిండు పువ్వు, అంత సన్నటి కాడ.
వానొస్తే మరీ వాలిపోతుంది.
ఆఫీసు లెక్కలో అది తలవంపే.
హెస్టర్ మోకాళ్ళ మీదుంది.
పువ్వు సరిగ్గా ఆమె ముఖంలోకి చూస్తోంది.
"నిలబడి చూసేవాళ్ళకి కదా ఇది లోపం," అంది.
అది మాత్రం రాయలేదు.

జూలైలో వాడిన తలలన్నీ కత్తిరించింది.
పాత గులాబీలు ఏడాదికొక్కసారేనట,
జూన్‌లో ఉన్నదంతా ఇచ్చేసి తలుపేసుకునేవట.
మళ్ళీ పూసే గుణం చైనా మొక్కలది,
ఓడెక్కి వచ్చింది.
కత్తెర పడ్డచోట ఎర్రెర్రగా మారాకు.
ఆరు వారాలకి మొగ్గ.

ఆగస్టులో అంటు కట్టడానికొచ్చిన దొరిన్‌ని పిలిచింది.
మా అమ్మమ్మ సబ్బుపెట్టె, మూత తీసినప్పుడు, అన్నాడు.
క్యాంటీన్ బెరిల్, నాకేం రావట్లేదు తల్లీ, అంది.
అదీ రాసింది.
అందరూ వెళ్ళాక తనూ వంగేది, కళ్ళు మూసుకుని,
పోస్టు రాకముందే తలుపు తీసి
చాప మీద చూసేవాళ్ళలా.
లేచి, మట్టి దులుపుకుని, తర్వాతి మొక్కకి.
సెప్టెంబరులోనూ. అక్టోబరు వానల్లోనూ.
పొద పూస్తూనే ఉంది.
ఆమె వంగుతూనే ఉంది.

నవంబరులో పట్టీ వచ్చింది.
మూడువందల పదిహేడు మీద ఎర్రగీత.
కారణం: మెడ.
దున్నాల్సింది నేనే.

డిసెంబరు మూడు. గట్లన్నీ తెల్లగా గడ్డకట్టిన పొద్దు.
తొమ్మిదో వరుస చివర ఒక్కటే,
అంచులు గోధుమరంగుకి తిరిగి,
సగమే విచ్చి, తల వాల్చి.
ఇంజనాపి దిగాను.
మోకాళ్ళూనితే గాని ముఖం కనపడలేదు.
జేబులోంచి ఫోను తీసి ఆమెకి చేశాను.
ఇంకోటి పూసింది, అన్నాను.
కాసేపు ఏమీ వినపడలేదు.
"దేనిలా ఉంది?"
నాకు తెలియట్లేదు, నువ్వే వచ్చి చూడు, అన్నాను.
అవతల కుర్చీ జరిగింది.
ఒక బూటు. తర్వాత రెండోది.